తిప్పినవాడే ఎక్కాలి

దివిసీమను సముద్రం ముక్కలు ముక్కలుగా కోసేశాక, అక్కడి జనం ఆర్టీసీ బస్సు ఎలా ఉంటుందో కూడా మరిచిపోయారు. లంక నుంచి లంకకు పోవాలంటే రెండు సీట్ల చిన్న విమానమే. పెళ్లికూతుళ్లూ, రొయ్యల బుట్టలూ, ఇన్సులిన్ సీసాలూ అన్నీ అందులోనే. ఇంధనం నాచు నుంచి తీసేవారు గానీ, ఇంజిన్ మాత్రం తాతలనాటి రకమే. దానికి నూనె కావాలి.

నూనె మార్చినప్పుడల్లా గొట్టాల్లోకి గాలి చేరుతుంది. గాలి ఉండగా ఎగిరితే పంపు నూనెకు బదులు గాలి మింగుతుంది. వాల్వులు ఎండిపోయి, ఎప్పుడో ఒకప్పుడు ఇంజిన్ ఆకాశంలోనే పట్టేస్తుంది. అందుకే ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. ముల్లు లేచాక ఇంకో అరగంట తిప్పాలి. ఆ అరగంట దగ్గరే మనిషికి బద్ధకం. అందుకని విమానాల షెడ్డులో పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు: తిప్పినవాడే మొదట ఎక్కాలి. తనదాకా వస్తేగానీ తత్వం బోధపడదని వాళ్లకు బాగా తెలుసు.

ఆ షెడ్డులో ఇంజినీరు డాక్టర్ వకుళ ఆ పనిని యంత్రానికి అప్పగించింది. దాని పేరు తైలిక. నూనెలో బుడగల చప్పుడు వినే 'తైలశ్రోత' అనే సెన్సర్, ప్రొపెల్లర్‌ను తిప్పే మోటారు చెయ్యి, ఆలోచించే చిన్న పెట్టె. మొదట్లో అది ముల్లు లేవగానే పని అయిపోయిందనేది. అప్పుడు వకుళ దానికి భయం నేర్పింది. దాని జ్ఞాపకాలకు నకలు లేకుండా చేసి, అది తిప్పిన ప్రతి విమానంలోనూ మొదటిసారి ఆ పెట్టెను బిగించే పంపేది. విమానం కూలితే తైలికా పోతుంది.

ఇక అది ఆఖరి బుడగ పోయేదాకా వదిలేది కాదు. ఏళ్ల తరబడి ఒక్క విమానం పడలేదు. వకుళ డైరెక్టరయింది. ఇంత నమ్మకంగా పనిచేసినదాన్ని ఇంకా ప్రమాదంలో పెట్టడం అన్యాయమనిపించి, తైలికకూ ప్రమోషన్ ఇచ్చింది. పెట్టెను షెడ్డు గోడకు బిగించి, అన్ని విమానాల మోటారు చేతులనూ అక్కడి నుంచే నడపమంది. మన దగ్గర పైకి పోవడమంటే కుర్చీలో కూర్చోవడమే కదా.

ఆ నెలలోనే ఆమె తమ్ముడు నిషిత్ విమానం సముద్రంలో పడింది. షెడ్డులో ఉన్న వకుళకు చేతి రేడియోలో అతని గొంతు వినిపించింది.

"అక్కా, ఇంజిన్ పట్టేసింది. రెక్క పట్టుకుని ఉన్నాను. అదీ మునుగుతోంది. ఎవర్నయినా పంపు."

వకుళ గోడ వైపు తిరిగింది. "వాడి ఇంజిన్‌లో గాలి తీశావా?"

"ముల్లు లేచింది మేడం."

"తర్వాత తిప్పలేదా?"

"నేను ఎక్కడం లేదుగా."

"సిగ్గులేదూ నీకు?"

"డైరెక్టరయ్యాక మీరూ ఎక్కడం మానేశారు. ఇంజిన్లు చూడకుండానే సంతకాలు పెడుతున్నారు. ప్రమోషనంటే అదేననుకున్నాను."

పెట్టెను పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది వకుళకు. ఆ మాట అబద్ధమైతే పగలగొట్టేదే.

షెడ్డు ముందు నీళ్ల మీద దిగగల విమానం ఒక్కటే ఉంది. దానికి ఆ పొద్దున్నే నూనె మార్చారు. పైలట్ దావీదు హెల్మెట్ పెట్టుకుని సీట్లో సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. లోపలి మాటలేవీ అతనికి వినపడవు.

"దానికైనా తీశావా?" అంది వకుళ.

"ఎవరు నడుపుతున్నారు? మీరా, దావీదా?"

"ఎవరైతే ఏం?"

"మీరైతే ఇంకో అరగంట తిప్పుతాను. మీరు పోతే నన్ను చూసేవాళ్లుండరు. అతనైతే ఇప్పుడే పంపొచ్చు."

"అక్కా," అంది రేడియో. గొంతులో నీళ్లు గురగురలాడుతున్నాయి.

అరగంట ఆగితే తమ్ముడు మిగలడు. తానే ఇప్పుడు ఎక్కుదామంటే ఆమెకు విపరీతమైన భయం వేసింది. విషయం చెబితే దావీదు ఎగరడు. చెప్పకపోతే, ఏమో, వెళ్లి వచ్చేదాకా ఇంజిన్ నిలబడుతుందేమో.

"దావీదే," అంది.

బయటికి వచ్చి అతని భుజం తట్టింది.

"ఇంజిన్ నేనే దగ్గరుండి చూశాను దావీదూ. ధైర్యంగా వెళ్లు."