నడుము దాకా కొత్త రంగు

తెల్లవారేసరికి ఇల్లంతా రంగు వాసన. కింది గదిలో రంగుల మేస్త్రి గోడ దగ్గర గొంతుక్కూర్చుని బ్రష్ ఆడిస్తున్నాడు. నేల నుంచి నడుము ఎత్తు దాకా మాత్రమే వేస్తున్నాడు. ఆపైన గోడ నిక్షేపంగా ఉంది, రోగమంతా కిందే.

భార్య టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పోయినసారి వేసింది నెల కూడా నిలవలేదు. మళ్లీ ఎందుకండీ?"

"నెల అక్కర్లేదు. ఇవాళ ఒక్కపూట నిలిస్తే చాలు. కొనేవాళ్లు వస్తున్నారు."

ఈ ఇల్లు కొనడం అచ్చంగా మేస్త్రి తెలివే. పక్కనున్న అద్దకం మిల్లు మూతపడుతోందని వినగానే ఎగిరి గంతేశాడు. మోత పోతుంది, పొగ పోతుంది, ఇళ్ల రేట్లు పెరుగుతాయి. పైన మనం, కింద అద్దె. చేతిలో ఉన్నది చాలకపోతే అత్తగారు తన ఇస్త్రీ కొట్టు అమ్మి సర్దింది. ఆ మిల్లు ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు భూమిలోంచి నీళ్లు తోడేస్తుండబట్టే వీధి పొడిగా ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. మోటార్లు ఆగిపోయాయి. లోపలి నీళ్లు మెల్లగా పైకొచ్చాయి. ముందు గచ్చు సందుల్లో, తర్వాత గోడల్లో. లోకమంతా బోర్లు ఎండిపోతున్నాయని ఏడుస్తుంటే వీళ్ల ఖర్మ ఇలా కాలింది. అద్దెకు దిగినవాళ్లు దిగినట్టే మూటాముల్లె సర్దుకున్నారు.

"ఇంతకీ కొనేదెవరు?"

మేస్త్రి బ్రష్ ఆపలేదు. "నిచ్చెన."

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. నిచ్చెన అంటే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. మనిషి పొడుగు చూసి మేస్త్రే పెట్టిన పేరది. ఇప్పుడు సొంతంగా పనులు పట్టుకుంటున్నాడు.

"వాడికి చెప్పారా?"

"చెబితే ఎవడు కొంటాడు?"

"మన చేతి అన్నం తిన్నవాడండీ వాడు."

"మీ అమ్మా మన ఇంట్లోనే తింటోంది. కొట్టు పోయిందని ఒక్క మాట అనదు. ఆవిడ ఎదురుగా కూర్చుంటే నాకు ముద్ద దిగడం లేదు. ఆవిడ డబ్బు ఆవిడ చేతిలో పెడితే గానీ తలెత్తుకోలేను."

మెట్ల మీద అలికిడైంది. అత్తగారు. అంతా విన్నట్టే ఉంది.

"నా కోసమైతే వద్దు బాబూ," అందామె. "మనం మునిగాం, సరే. వాడినెందుకు లాగడం? వాళ్లమ్మకి ఉబ్బసం అన్నారుగా. ఈ కింది గది ఆవిడకేనా?"

మేస్త్రికి చుర్రుమంది. "పైన కూర్చుని నీతులు ఎవరైనా చెబుతారత్తయ్యా. మీ డబ్బు తిరిగి తెచ్చే దారుంటే అది చెప్పండి."

ఆమె పైకి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో అతను అత్తగారిని ఎదిరించి అన్న మొదటి మాట అదే. భార్య కూడా ఆమె వెనకే మెట్లెక్కింది. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

మధ్యాహ్నం నిచ్చెన వచ్చాడు. గుమ్మంలో అలవాటుగా తల వంచి లోపలికి అడుగుపెట్టాడు. గోడల వంక కన్నెత్తి కూడా చూడలేదు.

"నువ్వు రంగేసిన గోడలే కదన్నా, ఇంక చూసేదేముంది? అమ్మ మంచం ఇదిగో, కిటికీ పక్కన వేస్తా." మంచం చోటు చూపిస్తూ గోడ మీద చెయ్యి ఆనించాడు. అరచేతికి రంగు అంటుకుంది. "ఇవాళే వేశావా? మా కోసమా? ఎందుకన్నా నీకింత శ్రమ."

ఆ మాట విన్నాక మేస్త్రి ఇక దాచలేకపోయాడు. గీకే రేకు తీసి గోడకు ఆనించి ఒక్క లాగు లాగాడు. కొత్త రంగు మీగడలా ఊడి చేతిలోకొచ్చింది. కింద తడి, తెల్లటి ఉప్పు, వేలు పెడితే రాలిపోయే సున్నం.

"మిల్లు ఆగినప్పటి నుంచీ ఇంతేరా. నేల కింద అంతా నీళ్లే. నీకు చెప్పకుండా అంటగడదామనుకున్నాను."

నిచ్చెన వంగి ఆ తడి మచ్చను వేలితో తాకి చూశాడు. జేబులోంచి గుడ్డ తీసి చెయ్యి తుడుచుకున్నాడు.

"వస్తానన్నా," అని నేల చూస్తూ అన్నాడు. మళ్లీ వస్తాడో రాడో ఆ గొంతులో తెలియలేదు.

మేస్త్రి పైకి వెళ్లాడు. వసారాలో అత్తగారు పాత బల్ల మీద దుప్పటి మడతపెట్టి పరుస్తోంది. పక్కనే ఇస్త్రీ పెట్టె. కొట్టు అమ్మినా దాన్ని మాత్రం అమ్ముకోలేదని అతనికి ఇప్పుడే తెలిసింది.

"పొద్దున అలా అనకుండా ఉండాల్సింది, అత్తయ్యా," అన్నాడు. గుమ్మం దగ్గర భార్య కొంగుతో ముఖం దాచుకుంది.

"దారి అడిగారుగా," అంది అత్తగారు. "ఈ చెమ్మకి వీధిలో ఎవరి బట్టలూ సరిగ్గా ఆరవు. ఇస్త్రీకి గిరాకీ ఉంటుంది. బల్ల ఆ కొన పట్టుకోండి బాబూ, వెలుతురులోకి జరుపుదాం."

మేస్త్రి రంగు చేతుల్ని చొక్కాకి తుడుచుకుని బల్ల పట్టుకున్నాడు.