చంపితే చావని ప్రోగ్రామ్

"ఒక ప్రోగ్రామ్‌ను చంపాలి," అన్నారు పెద్దాయన.

సీక్రెట్ సర్వీస్‌లో అందరూ ఉడుత అని పిలిచే ఏజెంటు కుర్చీలో కుదురుగా ఉండలేక అప్పటికే రెండుసార్లు లేచాడు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను చంపడానికి తనెందుకని అడగబోతుంటే, పెద్దాయన అసలు సంగతి చెప్పారు.

ఒక పెద్ద హోటల్ కంట్రోల్ రూమ్‌లో విదేశీ ముఠా పెట్టిన ప్రోగ్రామ్ అది. ఒకేసారి మూడు పనులు చేస్తుంది. లిఫ్టులు నడుపుతుంది, హాల్లో సంగీతం వినిపిస్తుంది, ఆ రెండింటి చాటున మన ఏజెంట్ల ఫొటోలు దేశం దాటిస్తుంది. ఆఖరి ఫొటో చేరితేగానీ అవతల ఫైలు తెరుచుకోదు. వైరు పీకితే మిగతా పని ఇంకో మెషీన్ అందుకుంటుంది.

"ఆ ఆఖరి ఫొటో మీ తమ్ముడిది," అన్నారు పెద్దాయన.

ఉడుత మూడోసారి లేచాడు. ఈసారి కూర్చోలేదు.

మధ్యాహ్నానికల్లా ఏసీ మెకానిక్ వేషంలో హోటల్ చేరాడు. రిసెప్షన్‌లో ఉన్న మన మనిషి, "ఏసీ ఏడుస్తోందట," అంది. "ఓదార్చడానికే వచ్చాను," అన్నాడు ఉడుత. కంట్రోల్ రూమ్ తాళంచెవి చేతిలో పడింది.

స్క్రీన్ మీద ముఖాలు ఒకదాని వెనుక ఒకటి వెళ్లిపోతున్నాయి. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. 'నాట్ రెస్పాండింగ్' అని మాత్రం వచ్చింది. పెన్నులో దాచిన డ్రైవ్ గుచ్చి ఫోర్స్ క్లోజ్ కొట్టాడు. ప్రోగ్రామ్ మాయమైంది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ లేచింది, ఆగిన ఫొటో దగ్గర్నుంచే. మళ్లీ చంపాడు. మళ్లీ లేచింది. ఉడుతకు భయం వేసింది. తమ్ముడికి ఏమైనా అయితే అమ్మకు ముఖం ఎలా చూపించడం?

వెనక తలుపు తెరుచుకుంది. ఎర్ర గౌను, సైలెన్సర్ పిస్టల్. నెమలి. రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. పోయినేడాది ఒక రైల్వే ప్లాట్‌ఫామ్ మీద, తనను నమ్ముతావా అని ఆమె అడిగితే, ఉడుత జవాబు చెప్పకుండా రైలెక్కేశాడు.

"చంపడం ఆపు," అంది. "దీనికి కాపలాగా ఇంకో ప్రోగ్రామ్ ఉంది. చంపిన ప్రతిసారీ అది లేపుతుంది. మర్యాదగా మూస్తే లేపదు."

"మూశాను. బిగుసుకుపోయింది."

"బిగుసుకోలేదు. నిన్నేదో అడుగుతోంది. నువ్వు వినిపించుకుంటేగా."

మళ్లీ ఇంటూ నొక్కి, ఫొటోలు కనిపించే విండోను పక్కకు జరపమంది. ఆమె మాట అబద్ధమైతే తమ్ముడి పని అయిపోయినట్టే. రెండు ముఖాలే మిగిలాయి. ఉడుత పళ్లు బిగించి నొక్కాడు, జరిపాడు. వెనకాల ఇంతసేపూ దాక్కున్న చిన్న డబ్బా బయటపడింది.

'మూడు పనులూ ఆపమంటారా?'

ఎన్నడూ సరిగా దువ్వని జుట్టుతో తమ్ముడి ముఖం అప్పటికే సగం వెళ్లింది. ఉడుత 'అవును' నొక్కాడు.

మిగతా సగం ఇక్కడే ఉండిపోయింది. స్క్రీన్ నల్లబడింది. కింద హాల్లో సంగీతం ఆగితే, పాట అయిపోయిందనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. పైకి వస్తున్న ముఠా నాయకుడు లిఫ్టులో ఇరుక్కుపోయాడు.

నెమలి పిస్టల్ దించలేదు. "నేనూ ఒకటి అడిగాను," అంది.

ఉడుత కదలకుండా నిలబడ్డాడు. "అవును," అన్నాడు. పిస్టల్ కిందికి దిగింది.

చెవిలో పెద్దాయన గొంతు గరగరలాడింది. "చంపేశావా?"

"లేదండీ. అడిగినదానికి జవాబు చెప్పాను, దానంతటదే వెళ్లిపోయింది," అన్నాడు ఉడుత, నెమలి వంక చూస్తూ. "ఈమె మాత్రం వెళ్లడం లేదు."