నాలుగు వంతెనలు

తేళ్ల ప్రొఫెసర్‌ను చంపింది తేలు కాదు. ఒంట్లో ఉన్నది తేలు విషమే, కానీ మెడ మీద ఉన్నది సూది గుర్తు. విరుగుడు మందు ఇచ్చినా పనిచేయలేదు.

పోయినాయన ఏజెంట్ మిరపకాయకు సొంత మేనమామ. ఆ పేరు అతని కోపం చూసి ఆఫీసువాళ్లు పెట్టింది. ఇవాళ ఆ కోపానికి అడ్డూ ఆపూ లేదు.

చీఫ్ టేప్ వినిపించాడు. మామయ్య ఆఖరి మాటలు: "కొండి మనవాళ్లలోనే ఉంది... నాలుగు వంతెనలు... కూల్..."

"ఊళ్లో ఉన్నవి నాలుగే వంతెనలు. అన్నిటి దగ్గరా బాంబ్ స్క్వాడ్‌ని దింపేశాను," అన్నాడు చీఫ్ గర్వంగా.

మిరపకాయ బల్ల గుద్దాడు. "తేళ్లతో బతికిన మనిషికి ఏటి మీద వంతెనలతో పనేంటి సార్! ఆ విషం ఒక చిన్న ప్రోటీన్. అరవై చిల్లర పూసల దండ. దాన్ని ముడిచిపెట్టి ఉంచేవి నాలుగు గంధకపు బంధాలు. మామయ్య వాటినే వంతెనలనేవాడు. అవి తెగితే విషం ఉత్త దారప్పోగు!"

"మరి మన విరుగుడు?"

"జీన్‌లో ఒక్క అక్షరం మార్చారు. విషం ఆకారం మారింది, మన మందు దాన్ని పోల్చుకోలేదు. కొత్త మందు చేయగలిగింది ఇక ఆయన ల్యాబ్‌లోనే పనిచేసే ఆయన కూతురు, మా మరదలొక్కతే. తర్వాతి సూది దానికే!"

"భయం లేదు. సీతాకోకను కాపలా పెట్టాను."

సీతాకోక విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోసే అందగత్తె. కొండి మనవాళ్లలోనే ఉందన్న మామయ్య మాట గుర్తొచ్చి, కంచే చేను మేస్తోందని మిరపకాయకు అర్థమైపోయింది.

"రుజువుందా?" అన్నాడు చీఫ్. మిరపకాయ తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు.

ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగేసరికి సీతాకోక ఫోన్ పట్టుకుని వరండాలో ఉంది. కుర్చీ మీది ఆమె బ్యాగులో లిప్‌స్టిక్, దాని మూత తీస్తే సూది. మరదలు కుళ్లిన గుడ్ల కంపు కొట్టే మందొకటి అందులోకి ఎక్కించింది. గంధకపు బంధాలను తెంచే మందు అది.

"పారేస్తే పోదా బావా?"

"పారేస్తే రుజువు పోతుంది. మా మొద్దు చీఫ్ నమ్మడు."

"సరే. అవి తెగడానికి కాస్త టైం పడుతుంది, తొందరపడకు."

తొందరపడింది సీతాకోక. లోపలికి వస్తూనే బ్యాగు అందుకుని, లిప్‌స్టిక్ తీసి మరదలి మెడ మీదకు దూకింది. మిరపకాయ చెయ్యి అడ్డం పెట్టాడు. సూది కసుక్కున దిగింది.

చెయ్యి భగ్గుమంది. మరదలు ఏడుస్తూ అతని నాడి పట్టుకుంది. అతను రెండో చేత్తో సీతాకోకకు బేడీలు వేస్తూ అరిచాడు. "నిన్ను సొంత కూతురిలా చూసుకున్నాడే ఆయన! చేతులెలా వచ్చాయే నీకు?"

మంట నెమ్మదిగా చల్లారింది. నాడి తప్పలేదు. సీతాకోక ఆ కంపు పసిగట్టి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

ఫోన్ మోగింది. "శుభవార్త!" అన్నాడు చీఫ్. "నాలుగు వంతెనలూ చెక్కుచెదరలేదు!"

"లేదు సార్, నాలుగూ కూలిపోయాయి. మీ బాంబ్ స్క్వాడ్‌ని అక్కడే కాసేపు చల్లగాలి పీల్చుకోమనండి."