తాత విత్తనం

పొద్దున్నే పేరిందేవమ్మకు తన గొంతుతోనే తగువు మొదలైంది.

వంటగది గోడలోంచి ఆమె గొంతే, మధ్య మధ్య ఆమె దగ్గుతో సహా, మనవడికి చెబుతోంది. "వేసంగి దుక్కి దున్ని నేలను బాగా ఎండనివ్వు నాయనా. నల్లమన్ను ఎంత ఎండితే అంత బలం."

పొయ్యి పక్కన పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న పేరిందేవమ్మ చేతిలో ఉన్న కాయను పళ్లెంలోకి విసిరింది. దాని మాట వినొద్దనీ, దానికి ఈ కొండ సంగతే తెలియదనీ అప్పటికి మూడోసారి చెప్పింది.

మనవడు చెంచురామయ్య బూటు తాళ్లు బిగించుకుంటూ నవ్వాడు. "దానికి తెలియకపోవడమేంటి నాయనమ్మా? అది నువ్వే కదా."

విసిరిన కాయను తీసి చూసింది అతని భార్య వకుళ. లోపల ఒక్క గింజ లేదు. "తాత విత్తనం," అంది.

అది ఆ ఇంటి మాట. చెంచురామయ్య తాత ఎల్లమంద ఎప్పుడో పాత ఊళ్లో పుచ్చు విత్తనం తెచ్చి పొలం చెక్క మొత్తం బీడు పెట్టాడట. అప్పటినుంచీ ఆ ఇంట్లో పొంగని పూరీ, వెలగని దీపం, కుట్టగానే ఊడిపోయిన గుండీ, అన్నీ తాత విత్తనాలే. ఎల్లమంద పోయి ముప్పయ్యేళ్లయినా ఆ మాట పోలేదు. అది వినబడినప్పుడల్లా పేరిందేవమ్మ చేతిలో పని మీదికి వంగిపోతుంది. ఆ రోజూ అంతే.

గోడలోని పెట్టె పేరు పెద్దదిక్కు. కృష్ణానది సముద్రంలో కలిసే చోటి ఊళ్లను ఉప్పునీళ్లు మింగేశాక, అక్కడి జనాన్ని తెచ్చి ఈ బూడిదకొండ మీద దింపారు. ఏనాడో నిప్పులు కక్కి పడుకున్న కొండ ఇది. చుట్టూ చలి, మంచు, మోకాలెత్తు పచ్చిక. పెద్దవాళ్లతోపాటు వాళ్ల అనుభవమూ మట్టిలో కలిసిపోకూడదని కొండసభ వాళ్లు ఇంటికొక పెద్ద నెత్తిన నలభై రోజులు జ్ఞాపకాల టోపీ పెట్టి, అందులోకి దిగినదంతా గొంతుతో సహా ఇలాంటి పెట్టెలోకి ఎక్కించారు. పేరిందేవమ్మకు పెట్టినప్పుడు అరవైతొమ్మిదేళ్లు, కొండకొచ్చి నెల. డెబ్బై దాటితే మనసు చెదురుతుందని, ఆ తరువాత తెలుసుకున్నది పెట్టెలోకి ఎక్కించకూడదని ఒక నియమం.

ఇప్పుడామెకు ఎనభయ్యొకటి. జ్వరానికి కషాయం, పసిబిడ్డకు పేరు, దూడకు పాలు మాన్పించడం, ఏదైనా సరే, ఏ ఇంట్లోనైనా అడిగేది పెట్టెనే. పెట్టె అలసిపోదు, చెప్పిన కథే మళ్లీ చెప్పదు. ప్రాణమున్న పెద్దవాళ్లు బఠాణీలు ఒలుచుకుంటారు.

ఇవాళ్టి తగువు తూర్పు వాలు గురించి. ఆరెకరాల పచ్చిక అది. మంచు కరగ్గానే మొదట గడ్డి లేచేది అక్కడే. వకుళ మేపుకునే నాలుగు జడలబర్రెలకు అదే ఆధారం, అందులో రెండు చూడివి. రెండేళ్లుగా గడ్డి కాస్త పలచబడింది. చెంచురామయ్య పెట్టెను అడిగితే నేల ఎండబెట్టమంది. ఈ కొండమీద ఎండ చాలదు కనుక కొండసభ నుంచి ఎండగాలి బండిని రప్పిస్తున్నాడు. పచ్చికను చాపలా ఒలిచి, కింది మన్ను మీదికి వేడిగాలి కొట్టే బండి అది. పది గంటలకు వస్తుంది.

"చూడరా," అని పేరిందేవమ్మ మూలనున్న రెండు కుండలు ముందుకు లాగింది.

మొదటిది ఆ ఉదయం వాలు మీదినుంచి తెచ్చిన మన్ను. కుండ నిండుగా ఉన్నా ఎత్తితే ఖాళీ కుండలా తేలిక. ఆమె చిటికెడు తీసి నొక్కింది, గట్టిగానే ఉంది. వేళ్ల మధ్య రుద్దింది, ఉన్నట్టుండి వెన్నలా జారి నీళ్లు వదిలింది. కాసేపు వదిలేస్తే మళ్లీ గట్టిపడింది. ఇది రేగడి కాదురా, బూడిద అంది. చలికి గడ్డివేళ్లు కుళ్లీ కుళ్లక ఏళ్ల తరబడి ఇందులో ఊరి నల్లబడ్డాయి, అంతే. నువ్వు పోసిన ఎముకల పొడి అంతా గుప్పిట్లో బిగించుకుని గడ్డికి పెట్టడం లేదు పిసినారిది, గడ్డి పలచబడింది అందుకే అంది. దానికి మందు పేడ ఎరువే గాని ఎండ కాదంది.

రెండో కుండలోదీ ఆ వాలు మన్నే. నిరుడు పొయ్యి పక్కన మర్చిపోతే ఎండి సగానికి కుంగింది, మాడిన రవ్వలా పలుకులైంది. అప్పటినుంచీ నీళ్లు పోసి నానబెడుతూనే ఉంది. ఇప్పుడూ పోసింది. నీళ్లు పలుకుల సందుల్లోంచి జారి, కుండ అడుగు చిల్లులోంచి బయటికి పోయాయి. ఒక్క పలుకూ మెత్తబడలేదు.

"మళ్లీ వెన్న కాదురా ఇది. ఒకసారి ఎండితే ఇక అంతే."

చెంచురామయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. అలవాటు చొప్పున గోడవైపు తిరిగి అడిగాడు.

"రేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తొలకరికి మళ్లీ అతుక్కుంటుంది," అంది పెట్టె. "గుప్పెడు కుండమన్ను చూసి బెంగపడతారా? పిచ్చి నాయనా, నా మాట మీద నమ్మకం లేదా?"

ఆ 'పిచ్చి నాయనా'తో అతని మొహం మెత్తబడిపోయింది. తల్లి లేని పిల్లవాణ్ణి ఆ మాటతోనే పెంచింది పేరిందేవమ్మ. తన ఎత్తు తన మీదికే వచ్చేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. అప్పటి నీకు జ్ఞాపకం చురుగ్గా ఉండేది నాయనమ్మా, అని మనవడు ఓపిగ్గా సర్దిచెబుతుంటే ఇంకా మండింది. దూరంగా బండి చప్పుడు వినిపిస్తోంది. వకుళ కిటికీలోంచి బర్రెలవైపు చూస్తోంది.

పేరిందేవమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. గోడ ముందుకు వెళ్లి నిలబడింది.

"ఏమే, మడచెక్క గుర్తుందా?"

ఎప్పుడూ తడుముకోని పెట్టె ఆగింది. దాచిన జ్ఞాపకం సొంత గొంతుకు తప్ప తెరుచుకోదు. పెట్టె చేసినవాళ్లు ఆ తాళం పెట్టింది పాతిపెట్టిన నగలలాంటి సంగతుల కోసం. అనుభవంతోపాటు సిగ్గు కూడా టోపీలోంచి దిగుతుందని వాళ్లు అనుకోలేదు.

"గుర్తుంది," అంది పెట్టె. "ఎవరికీ చెప్పకూడదనుకున్నాంగా."

"చెప్పు. వీడు వినాలి."

"మడ అడవి పక్క చెక్క అది. నల్లగా ఉంటే రేగడే అనుకున్నాను. ఆయన వద్దంటున్నా వినకుండా నీళ్లు తోడించి దున్నించి ఎండబెట్టించాను. ఎండాక మన్ను పులిసిపోయింది. ఒక్క గింజ మొలవలేదు. ఆయన తెచ్చిన విత్తనం పుచ్చుదని ఊరంతా చెప్పాను. ఆయన కాదనలేదు."

కుండలోంచి జారిన నీళ్లు గచ్చు మీద పారుతున్నాయి. ఎవరూ తుడవలేదు.

"అయితే విత్తనం మంచిదేనా?" అన్నాడు చెంచురామయ్య. అతను అడిగింది గోడను కాదు.

"మంచిదేరా."

అతను బయటికి వెళ్లిపోయాడు. ఏం చేస్తాడో ఆమెకు తెలియలేదు. కిటికీ దగ్గరున్న వకుళ కాసేపటికి, బండి వెనక్కి తిరిగిందని చెప్పింది. మధ్యాహ్నం దాకా అతను తూర్పు వాలు మీదే కూర్చున్నాడు. వచ్చి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, అప్పుడు తాత ఏమన్నాడని అడిగాడు.

"ఏమీ అనలేదు. మిగిలిన గుప్పెడు విత్తనం పెరట్లో చల్లాడు. అన్నీ మొలిచాయి. నన్ను పిలిచి చూపించలేదు. నేనే చూశాను."

మర్నాడు పొద్దున వకుళ పెరుగు గిన్నె మీద మూత తీసింది. తోడుకోలేదు. "తాత వి..." అని నాలిక కరుచుకుంది.

చెంచురామయ్య తల ఎత్తకుండా బూటు తాళ్లు బిగించుకుంటూ, "నాయనమ్మ దుక్కి," అన్నాడు.

పేరిందేవమ్మ బఠాణీ కాయ ఒకటి గురి చూసి అతని మీదికి విసిరింది. గోడలోంచి ఆమె గొంతు అప్పుడే అందుకుంది, పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వెయ్యాలనీ, పాత ఊరి ఎండకు తగ్గట్టు గిన్నెను గాలి తగిలే చోట పెట్టాలనీ. వకుళ అది పూర్తిగా వినకుండానే గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది.

"మీరేమంటారు నాయనమ్మా?"

పన్నెండేళ్ల తరువాత ఆ ఇంట్లో ఆమెను ఎవరైనా సలహా అడగడం అదే మొదలు. "ఏమో, నాకేం తెలుసు?" అంది విసుగ్గా, పీట వకుళ వైపు జరుపుకుంటూ. "గిన్నె ఇలా తే. చూడకుండా ఏం చెప్పను?"