కింద గాటు, పైన వేటు

శుక్రవారం పొద్దున్న దేముడమ్మ తలకి గుడ్డ చుట్టుకుని, కత్తి నడుముకి దోపుకుని, తాడు భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే వీధిలో ట్రాక్టర్ వచ్చి ఆగింది. ఆ చప్పుడుకి గరివిడి ఫ్యాక్టరీ సైరన్ మోగిందనుకుని పక్కింటాయన సగం గడ్డం గీసుకుని సగం వదిలేసి డ్యూటీకి పరిగెత్తాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ట్రక్కు నిండా తుమ్మ దుంగలు, మామిడి దుంగలు. ఒక్కొక్కటీ ఏనుగు కాలంత ఉంది.

"ఎవరింటికి గంగులూ ఇది?" అనడిగింది.

"నీ ఇంటికే పిన్నీ. సిన్నాన్న సెప్పలేదేటి?" అన్నాడు ట్రాక్టర్ గంగులు.

జోగయ్య లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు. "నానే తెప్పించాను. అలాగ గోడవారన దింపరా."

"మెట్ట మీద మన జీడితోటలో నరుక్కోడానికి అన్నేసి కొమ్మలుంటే, కర్రలు కొనుక్కుంటామేటి మావా? ఇన్నోళ్ళు నవ్విపోతారు."

"నవ్వనీ. మోపులు మోసి మోసి నీ నడినెత్తి బట్టతలైపోతన్నాది. నీకన్నా నాకే జుట్టెక్కువని మొన్న సంతలో ఎవడో అన్నాడు."

"ఎవడాడు?"

"ఎవడైతేనేటి? ఇంక మెట్టకెల్లక్కర్లేదు. కత్తి లోపల పెట్టు."

దుంగలు దడదడా కింద పడుతుంటే దేముడమ్మ గుండెల్లో కూడా ఏదో పడింది. ఎందుకంటే ఆమె మెట్టకి వెళ్ళేది కర్రల కోసం కాదు.

రెండేళ్ళ కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు రేఖ, పక్క ఊరి త్రినాథ్‌ని పెళ్ళి చేసుకుంది. త్రినాథ్ మంచివాడే. సొంత ఆటో ఉంది, సిగరెట్టు కూడా కాల్చడు. కాని జోగయ్య అప్పటికే తన అప్పకి, అంటే అక్కకి, మాటిచ్చేశాడు, రేఖని ఆమె కొడుక్కే చేస్తానని. ఆ మాట పోయిందన్న ఉడుకులో, పదిమంది ముందు, "అది నాకు కూతురు కాదు. ఆ ఊరి వైపు తల కూడా తిప్పను" అనేశాడు. అన్నవాడు అన్నంత పనీ చేశాడు. మెట్ట మీదికెక్కితే ఆ ఊరి ఇళ్ళు కనిపిస్తాయని సొంత జీడితోటకే వెళ్ళడం మానేశాడు.

వంట మాత్రం కర్రలపొయ్యి మీదే కావాలి ఆయనకి. గ్యాసు మీద కాచిన చోడి అంబలి తాగితే ఆస్పత్రి వాసనొస్తుందంటాడు. ఆ పొయ్యే దేముడమ్మకి దారి చూపించింది. శుక్రవారం శుక్రవారం మెట్టకి తను ఇటునుంచి ఎక్కేది, రేఖ అటునుంచి ఎక్కేది. చిన్నప్పటి నుంచి తండ్రి వెనకే తోటలో తిరిగిన పిల్ల, చకచకా రెండు మోపుల కొమ్మలు నరికి పడేసేది. తల్లి నీడలో కూర్చుని కబుర్లు చెప్పేది.

ఇప్పుడు రేఖకి అయిదో నెల. కడుపని తెలిసిన రోజే దేముడమ్మ ఆ పిల్ల చేతిలో కత్తి లాగేసుకుంది. నెల్లాళ్ళుగా నరకడం తన పని, చింతచిగురు పప్పు తినడం రేఖ పని. ఈ శుక్రవారం కూడా తాడు మడతలో చిన్న గిన్నె దాచింది. అత్తగారు లేని ఇంట్లో ఆ పిల్లకి ఏది తినాలో, ఏది తినకూడదో చెప్పే ఆడదిక్కు ఇంకెవరూ లేరు. ఫోను చేద్దామంటే ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అదీ జోగయ్య జేబులో.

ఆ రోజు రేఖ జీడిచెట్టు కింద మధ్యాహ్నం దాకా కూర్చునుంటుంది. ఆ ఆలోచనతో దేముడమ్మకి ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి ఆమె కొత్త దుంగల మీద యుద్ధం మొదలుపెట్టింది.

"ఈ కర్రకి పొగే గాని మంట లేదు మావా."

"తుమ్మకర్రకి మంట లేదంటే నిప్పే సిగ్గు పడతాది. ఊదు బాగా."

పొగతో లాభం లేకపోయేసరికి మంటనే నమ్ముకుంది. లోడు అయిపోతే మళ్ళీ మెట్టే గతి కదా. పొద్దున్న నాలుగు కాగుల నీళ్ళు, సాయంత్రం నాలుగు కాగులు. ఉలవలు ఉడికినవే మళ్ళీ ఉడికించింది. వాళ్ళ గేదె కూడా ఆ రోజుల్లో వేణ్ణీళ్ళ స్నానమే చేసింది. మొదటి రోజు బెదిరింది గాని, మూడో రోజుకి మరిగి, తెల్లారేసరికి కాగు పక్కనొచ్చి నిలబడేది. చన్నీళ్ళు పోస్తే పాలు ఎగ్గొట్టేదట. ఎదురింటి లక్ష్మణమ్మకి అడక్కుండానే ఆరు దుంగలు దొర్లించేసింది. రెండు శుక్రవారాలు గడిచేసరికి ఆర్నెల్లు రావలసిన లోడు సగానికి దిగిపోయింది.

మూడో శుక్రవారం పొద్దున్న జోగయ్య దుంగల ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు.

"ఒలే దేముడూ, ఇలా రా. ఇది ఇల్లా, ఇటుకల బట్టీయా?"

"నీళ్ళు కాచాను."

"ఎవరికి? ఊరందరికా? గేదె ఒళ్ళు సూడు, పెళ్ళికూతురులాగ మెరిసిపోతన్నాది."

"కాచాను, కాస్తాను. నాకు నా మెట్ట కావాలి. మన తోట కర్రే కావాలి. ఈ దుంగలు నాకొద్దు, తీసికెల్లి ఏట్లో పడీయ్." దేముడమ్మ అరిచింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం గేదె కూడా వినలేదు.

జోగయ్య చావిడి మూలకి వెళ్ళాడు. అక్కడ పాత మోపుల్లో మిగిలిన జీడిపుల్లలు ఉన్నాయి. రెండు తెచ్చి అరుగు మీద పెట్టి, వాటి పక్కన కూర్చున్నాడు.

"ఇది సూడు" అన్నాడు మొదటిది చూపించి. "కింద ఒక గాటు. పైన ఒకటే వేటు. బెరడు సీరలేదు. కింద గాటెట్టకుండా నరికితే కొమ్మ సీరుకుపోయి తోకలాగ ఏలాడతాదని నానే నేర్పాను. నీక్కాదు. నువ్వు నరికితే ఎలకలు కొరికినట్టుంటాది."

దేముడమ్మ స్తంభం పట్టుకుంది. ఇంక అరుపులే అనుకుంది. శుక్రవారాలన్నీ ఇవాళ్టితో సరి అనుకుంది.

"మొదటి మోపునాడే తెలుసు నాకు" అన్నాడు జోగయ్య. "రెండేళ్ళూ నువ్వు మోపు దించగానే సివర్లు సూసుకునీవోడిని. వేటు గట్టిగా ఉంటే పిల్ల గుంట బాగుందనుకునీవోడిని."

రెండో పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. దాని చివర బెరడు చీరుకుపోయి వేలాడుతోంది.

"లోడుకి ముందు నెల్లాళ్ళూ అన్నీ ఇలాగే వచ్చాయి. గాటు లేదు. అది రావట్లేదా? వచ్చినా సెయ్యి లేవట్లేదా? నిన్నడగడానికి నోరు రాలేదు. నువ్వొక్కదానివే నరుక్కుంటన్నావని లోడు తెప్పించాను." ఆయన పుల్లని తిప్పుతూ తలెత్తకుండా అడిగాడు. "దానికి ఒంట్లో బాగోలేదేటే?"

దేముడమ్మ పక్కనే కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తే ఏది ముందు రావాలో తెలియక రెండూ గొంతులో దెబ్బలాడుకున్నాయి.

"రోగం కాదు మావా. కడుపు. అయిదో నెల."

జోగయ్య చాలాసేపు గేదె వైపు చూశాడు. గేదె కూడా ఆయన వైపు చూసింది.

"అయిదో నెల" అన్నాడు చివరికి. "మరి నానీ లోడు తెప్పించి, నిన్ను దానికాడికి ఎల్లకుండా సేసీసేనన్నమాట."

"రెండు శుక్కురవారాలు. ఎండలో ఎంతసేపు కూకుందో, ఏటో."

"నోరిప్పి సెప్పొచ్చు కదే."

"నువ్వడగొచ్చు కదా."

జోగయ్య జేబులోంచి ఫోను తీశాడు. "ఒరే గంగులూ, ట్రాక్టర్ తీసుకురా. లేదురా, కొత్త లోడు కాదు. మిగిలింది ఎక్కించాలి. కడుపుతో ఉన్న పిల్లకి నీళ్ళు కాగాలంటే ఎన్ని కర్రలు కావాలో నీకేటి తెలుసు? బేగి రా."

"అప్పకేటి సెప్తావు?" అంది దేముడమ్మ.

"నా కూతురు కడుపుతో ఉందని సెప్తాను. కోపమొస్తే రానీ. రెండేళ్ళు అప్ప కోపం మోసాను, ఇంక నా వల్ల కాదు."

గంట తిరక్కుండా ట్రాక్టర్ పక్క ఊరి వీధిలోకి తిరిగింది. ఇంజను పక్కన చింతచిగురు గిన్నెతో దేముడమ్మ. వెనక దుంగల మీద, అంబారీ ఎక్కిన మహారాజులాగ జోగయ్య. ముగ్గు వేస్తున్న రేఖ తలెత్తి చూసింది. ముగ్గుపిండి చిప్ప చేతిలోంచి జారిపోయింది. ఆటో తుడుస్తున్న త్రినాథ్ తడిగుడ్డతోనే నిలబడిపోయాడు.

"నాన్నా" అంది రేఖ.

"సిక్కిపోయావేటే?" అన్నాడు జోగయ్య పైనుంచి.

"దిగు నాన్నా."

"దిగను. పురుటికి మనింటికొస్తానని సెప్పు, అప్పుడు దిగుతాను."

"వస్తాను. నువ్వు ముందు దిగు, పడిపోతావు."

"ఎప్పుడొస్తావు?"

"ఎప్పుడు తీసికెల్తే అప్పుడే."

జోగయ్య కాలు కిందికి చాపాడు. అందలేదు. రెండో కాలు చాపాడు. అదీ అందలేదు. తొందరలో ఎక్కేశాడు గాని, ఆ దుంగల మీద నుంచి దిగడం ఎలాగో ఆయనకి తెలియలేదు. గంగులు స్టీరింగు మీద తలపెట్టి నవ్వుకున్నాడు.

త్రినాథ్ గుడ్డ పక్కన పడేసి, చేతులు లుంగీకి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "నా భుజం పట్టుకోండి మావయ్యా" అన్నాడు, మెల్లగా.

జోగయ్య ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తరువాత భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపి, దిగాడు. రెండు కాళ్ళూ నేల మీద ఆనాక కూడా ఆ చెయ్యి అల్లుడి భుజం మీదే ఉంచి, ఇంట్లోకి నడిచాడు.