ఏ సంఘం బాబూ?

లిఫ్ట్ రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక అమ్మాయి ఒంటరిగా ఉంది.

"ఎవరైనా ఉన్నారా? నాకు ఊపిరాడట్లేదు!"

"ఊపిరాడని వాళ్లు అంత గట్టిగా అరవలేరండీ," పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవరు మీరు?"

"మెకానిక్‌ని."

"అయితే జోకులాపి ముందు తలుపు తీయండి!"

తీయడం అంత తేలిక కాదు. పైనున్న మోటారు గదిలో బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్ట్‌ను అంగుళం అంగుళం పైకి లాగాలి. చెయ్యి జారిందంటే అంతే. ఇలాంటప్పుడు మెకానిక్ పెదవులు వాటంతట అవే కదులుతాయి.

"ప్రభువా, బ్రేకు జారనివ్వకు. ఆ పిల్ల హడలిపోతోంది, కాస్త ధైర్యమివ్వు. నా చేతులూ వణుకుతున్నాయి. ఆ సంగతి నీకూ నాకూ మధ్యే ఉండనీ."

తాళ్లు దిగే కంత గుండా ఆ మాటలన్నీ పొల్లుపోకుండా కిందికి దిగాయని అతనికి తెలియదు. తలుపు తెరుచుకున్నాక ఆమె బయటికొచ్చి, చున్నీ సర్దుకుని, అతన్ని ఎగాదిగా చూసింది.

"మీ ఇద్దరి మధ్యే ఉండమన్నారు గానీ, సారీ, నేను కూడా వినేశాను."

ఆమె ఆ భవనంలోనే కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తుంది. ఆ రోజు నుంచి మెకానిక్ వారానికోసారైనా ఏదో వంకతో ఆ లిఫ్ట్ చూడ్డానికి వచ్చేవాడు. లిఫ్ట్‌కి ఏ జబ్బూ లేదు. జబ్బు చేసింది మెకానిక్‌కే.

చిక్కంతా ఆ ప్రార్థన దగ్గరే వచ్చింది. అంత చనువుగా దేవుడితో మాట్లాడేవాడు ఏ ఆదివారమూ గుడి మానడని ఆమె నమ్మేసింది. చర్చి సంఘంలో పెద్ద అయిన తండ్రికి అదే చెప్పింది. ఒకసారి మాటల్లో ఆమె, "ఆదివారం ఎక్కడికెళ్తావ్?" అని అడిగితే అతను "మా వైపే" అని నసిగాడు. ఏ సంఘంలోనూ అడుగుపెట్టక మూడేళ్లయిందని చెబితే ఆమె నవ్వు మళ్లీ కనిపించదేమోనని భయం. ఆ భయం రోజురోజుకీ ఏపుగా పెరిగింది.

చివరికి పెళ్లి మాటలకని ఆమె అతన్ని తన ఇంటి మెట్ల దాకా తీసుకొచ్చింది.

"నాన్న ఒక్కటే అడుగుతారు, ఏ సంఘమని. చెప్పేస్తే మన పెళ్లి ఖాయమైనట్టే," ఆమె గుసగుసలాడింది. "ఏంటా చెమటలు?"

"మెట్లెక్కాం కదా."

"రెండు మెట్లకేనా?"

"అసలు... నీకో సంగతి చెప్పాలి."

తలుపు తెరుచుకుంది.

"వందనాలు బాబూ, రా!" ఆమె తండ్రి ఆప్యాయంగా చెయ్యి అందించాడు. బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ చూపులో ఇంకా అటెండెన్సు తీసే పదును ఉంది. "నీ ప్రార్థన గురించి మా అమ్మాయి ఊదరగొట్టేసిందనుకో. ఇంతకీ ఏ సంఘం బాబూ?"

నాలుగైదు సంఘాల పేర్లు నాలుక చివరికొచ్చాయి. ఏది చెప్పినా గండం గడిచిపోతుంది.

"ఏదీ లేదండీ."

ఆమె పకపకా నవ్వింది. "వీడంతే నాన్నా, అన్నీ జోకులే."

"జోకు కాదు."

నవ్వు సగంలో ఆగింది.

"ప్రభువుని వదిలేశావా?" పెద్దాయన గొంతు మారింది.

"లేదండీ. ఆయనతో మాట్లాడకపోతే నాకు పొద్దు పోదు. వదిలింది సంఘాన్ని."

"పొయ్యిలోంచి తీసిన నిప్పు ఎంతసేపుంటుందయ్యా?"

"మూడేళ్లుగా ఉందండీ. అప్పుడప్పుడూ పొగ వస్తోంది, కాదనను."

"కారణం?"

"మా అక్క సంఘంలో పాడేది. బావ వదిలేసి వెళ్లిపోయాక, అందరి ముందూ తప్పు ఒప్పుకుంటేనే మళ్లీ పాడనిస్తామన్నారు పెద్దలు. ఏం తప్పండీ అని అడిగింది. ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదమ్మా అన్నారు." "తర్వాత అక్క వేరే సంఘంలో చేరింది, హాయిగా పాడుతోంది. నేనే ఏ గుమ్మమూ తొక్కలేకపోతున్నాను."

ఆమె లేచి విసురుగా బాల్కనీలోకి వెళ్లిపోయింది. పెద్దాయన బాల్కనీ వైపు చెయ్యి చూపించాడు.

"వెళ్లు. ముందు దాని సంగతి చూడు. నా కోపం తర్వాత."

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె వెనక్కి తిరగలేదు.

"గుడి మానేసినందుకు కాదు నా కోపం. 'మా వైపే' అన్నావ్ చూడు, అందుకు. ఏముంది మీ వైపు?"

"మేడమీద నీళ్ల ట్యాంకు. ఆదివారం దాని పక్కనే కూర్చుని బైబిలు చదువుకుంటాను."

ఆమె భుజాలు కదిలాయి. "నవ్వించకు. ఇప్పుడు నవ్వితే నా కోపానికి పరువుండదు."

"చెబితే నువ్వు దక్కవని భయమేసింది."

"ఇప్పుడు పోయిందా?"

"లేదు. ఇంకా ఎక్కువైంది."

ఆమె ఇటు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, వాన వల్ల మాత్రం కాదు. "నేను గుడి మానను. ఆ పాటలు, చెయ్యి పట్టుకుని వదలని ఆ ముసలమ్మలు, ఆ గోలంతా నాకు కావాలి."

"మానమని ఎన్నడూ అనను."

"మరి పిల్లలు?"

"పిల్లలా?" మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి.

"మాట తప్పించకు!"

"నీతోనే వస్తారు. పెద్దయ్యాక వాళ్లిష్టం."

గుమ్మంలో దగ్గు వినిపించింది. పెద్దాయన ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"సభ్యుడు కానివాడికి మా మందిరంలో పెళ్లి చెయ్యరు. ఆ నియమం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా కూతురి కోసం దాన్ని మార్చమంటే, ఇన్నాళ్లూ నేను తిప్పి పంపినవాళ్లకు ముఖమెలా చూపించను?"

ఆమె గభాలున మెకానిక్ చెయ్యి పట్టుకుంది.

"రిజిస్టరాఫీసులో చేసుకోండి," అన్నాడాయన, వాన కేసి చూస్తూ. "సంఘ పెద్దగా రాలేను. దీని నాన్నగా వస్తాను. ప్రార్థన మాత్రం నేనే చేస్తాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

ఆ చివరి మాట తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు ఆయన ఒక క్షణం ఆగాడు. ఆమె తండ్రి భుజం మీద తల వాల్చి, మెకానిక్ వైపు ఓరగా చూసింది.

"మరి ఆదివారాలు నన్నెవరు దింపుతారు?"

"నేనే. గేటు దాకా."

"వానొస్తే?"

"గొడుగేసుకుని గేటు బయటే నిలబడతాను."

"బాగుంది! అల్లుణ్ణి వానలో నిలబెట్టానని నన్ను ఆడిపోసుకుంటారు," పెద్దాయన విసుక్కున్నాడు. "వరండా దాకా రా, చాలు."

అది ప్రేమో వలో మెకానిక్‌కు అంతుపట్టలేదు. "వరండా దాకా వస్తాను. అంతకంటే లోపలికి రమ్మనరు కదండీ?"

"అంటాను. ఎందుకనను?" పెద్దాయన అతని వీపు మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు. "కానీ ఇవాళ కాదు. భోజనం చల్లారిపోతోంది, పద."