గాలిదొర ముందు పైడితల్లి ప్రసంగం

ముత్యాలరేవు రాజ్యంలో మూడేళ్ళుగా గాలి వీచలేదు. ఓడల తెరచాపలు ఉతికి ఆరేసిన చీరల్లా వేలాడుతున్నాయి. తూర్పారబట్టడానికి గాలి లేక కళ్ళాల్లో ధాన్యం పొట్టుతోనే పడి ఉంది. మబ్బులు ఒడ్డుకు రాలేక సముద్రం మీదే కురిసిపోయేవి.

ఇదంతా ఒక్క రోజు సభలో మొదలైంది, పిల్లలూ. ఆంగ్లదేశపు ఓడలో ఒక ముసలి మాంత్రికుడు వచ్చాడు. గాలుల్ని పిలిచి మూటగట్టగలవాడు కాబట్టి అందరూ అతన్ని గాలిదొర అనేవారు. మహారాజు విజయకేతుడు ఎదురు వెళ్ళి, "రండి, కూర్చోండి" అన్నాడు. ఆస్థాన దుబాసీ వెంటనే ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి, "కమ్! సిట్!" అన్నాడు. గాలిదొర ముఖం కందగడ్డ అయింది. జరిగిన తప్పేమిటో సభలో ఒక్కరికీ అర్థం కాలేదు.

"నా భాషలో, నిండు సభకు తగిన ప్రసంగం సొంతంగా రాసి నా ముందు చదివినవాళ్ళకే మీ గాలి తిరిగి ఇస్తాను. మర్యాద తప్పితే చిలకలైపోతారు" అని చెప్పి, గాలినంతా తోలుసంచిలో బిగించి, అతను నల్లకొండ గుహలోకి వెళ్ళిపోయాడు. ఆ తరువాత దుబాసీతో సహా ముప్పైమంది పండితులు వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

ఇక ఆ రాజ్యంలో ఇంగ్లీషు రాయగలిగినవాళ్ళు సీతన్న పంతులు శిష్యురాళ్ళిద్దరే మిగిలారు. పంతులు పన్నెండేళ్ళు విదేశీ ఓడల మీద ఉత్తరాలు రాసే రాయసగాడిగా పనిచేసినవాడు. ఇప్పుడు ముసలితనం వల్ల కళ్ళు కనిపించడం లేదు.

మొదటి శిష్యురాలు పైడితల్లి, ఉప్పు పండించే వాళ్ళ పిల్ల. ఆరేళ్ళుగా పంతులు దగ్గర నేర్చుకుంటోంది. ఆమె పుస్తకం నిండా పంతులు దిద్దిన ఎర్రగీతలు, చీమలబారు పాకినట్టు ఉండేవి. తప్పు రాసిన ప్రతి మాటనూ వందసార్లు రాసి, మెల్లగా, గట్టిగా నేర్చుకుంది. రెండో ఆమె రేవు అధికారి కూతురు వకుళ. వచ్చి ఏడాదే అయింది. విన్న మాట విన్నట్టే పట్టేది. ఆమె నోట ఇంగ్లీషు సెలయేరులా దూకేది. పంతులు ఆనందంతో తల ఊపుతూ, "భేష్ వకుళా!" అనేవాడు. ఒకరోజు పైడితల్లి పాఠం బాగా అప్పజెప్పినప్పుడు కూడా అలవాటు కొద్దీ, "భేష్ వకుళా!" అన్నాడు. ఆ పూట పైడితల్లికి అన్నం సహించలేదు.

మహారాజు ఇద్దరినీ పిలిపించాడు. వకుళ మాట విన్నాడు, మురిసిపోయాడు. "ప్రసంగం వకుళ రాసి చదువుతుంది. పైడితల్లి తోడుగా వెళ్ళి రాతపెట్టె మోస్తుంది" అన్నాడు.

"సిత్తం మారాజా" అంది పైడితల్లి.

రెండు రోజులు నడిచాక నాగుల ఏరు అడ్డం వచ్చింది. రేవులో ఒక ముసలి మొసలి నోరు తెరుచుకుని కూర్చుంది.

"నన్ను చూసి ఊళ్ళకు ఊళ్ళు పారిపోతాయి. బాగున్నావు మామా అన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?" అంది మొసలి దిగులుగా.

వకుళ నవ్వి, "అలా అంటావేం మామా! నీ వీపు మీద ఉన్నంత అందమైన గళ్ళు మా అమ్మ పట్టుచీర మీద కూడా లేవు" అంది.

మొసలి పొంగిపోయి ఇద్దరినీ వీపు మీద ఎక్కించుకుంది. రాతపెట్టె తడవకుండా పైడితల్లి ఏరు దాటినంతసేపూ దాన్ని తలమీద ఎత్తిపట్టుకుంది. చేతులు తిమ్మిరెక్కాయి. ఒడ్డు చేరాక మొసలి, "వెళ్ళిరా వకుళమ్మా" అంది. తరువాత పైడితల్లి వైపు చూసి, "పెట్టె పిల్లా, నువ్వూ దిగు" అంది.

మర్నాడు వెదురు అడవిలో ఒక రాక్షసి వాళ్ళ దారికి అడ్డంగా చేతులు చాచింది. ఆమె వెనక ఏనుగంత ఉయ్యాలలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"గాలి లేక నా బిడ్డ నిద్రపోయి నెల రోజులైంది. దాన్ని నిద్రపుచ్చితే వదులుతాను. లేదంటే ఇద్దరినీ నమిలేస్తాను. నీళ్ళకు వెళ్ళి వచ్చేలోగా కానివ్వండి!" అని కుండ తీసుకుని వెళ్ళింది.

వకుళ జోలపాట అందుకుంది. పాటకు ఏడుపు తగ్గింది కానీ నిద్ర రాలేదు. అప్పుడు పైడితల్లి రాతపెట్టె మూత ఊడదీసి విసరడం మొదలుపెట్టింది. పొద్దు నడినెత్తి నుంచి వాలేదాకా విసురుతూనే ఉంది. ఉప్పునీళ్ళకు పగిలిన ఆమె అరచేతుల్లోంచి రక్తం చిమ్మింది. చివరికి బిడ్డ ఆవులించి నిద్రపోయింది. ఒళ్ళు తూలి పైడితల్లి ఉయ్యాల పక్కనే కూలబడింది. సరిగ్గా అప్పుడే రాక్షసి తిరిగి వచ్చింది. ఆమెకు కనిపించింది పాడుతున్న వకుళ మాత్రమే.

"బంగారు తల్లివి! ఇదిగో, ఈ హంస ఈక నీది. దీనితో రాస్తే సిరా ఎప్పటికీ అయిపోదు" అంటూ వకుళ చేతిలో పెట్టింది.

"నేను కాదు, పైడి విసిరితేనే పడుకుంది" అని వకుళ చెప్పబోయింది. రాక్షసి అప్పటికే బిడ్డ మీదికి వంగి మురిసిపోతోంది.

దారిలో వకుళ, "ఈక నువ్వు తీసుకోవే" అంది.

"నాకెందుకు? పెట్టె మోసీదాన్ని నానేటి రాస్తాను" అంది పైడితల్లి మొహం తిప్పుకుని. నిజానికి ఆ ఈక మీద ఆమెకు ప్రాణం లాగేస్తోంది. వకుళ చెడ్డదైనా బాగుండేది. మంచిదవడం వల్ల తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది.

నల్లకొండ అడుగున వకుళ ఒక బండ మీద కూర్చుని ప్రసంగం రాసింది. రాసి పైడితల్లికి చదివి వినిపించింది. ఎంత బాగుందంటే, పైడితల్లికి గుండె కలుక్కుమంది. చివరికి మాత్రం ఒక వాక్యం వచ్చింది: "వీ వాంట్ అవర్ విండ్."

పైడితల్లి ఉలిక్కిపడింది. మన భాషలో 'మా గాలి మాకు కావాలండీ' అంటే అది వేడుకోలు. ఆ 'అండీ' ఊడిపోయి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అదే మాట పెత్తనమవుతుంది. అలా రాసినందుకే పంతులు ఒకప్పుడు ఆమె చేత 'మేము సవినయంగా కోరుతున్నాము' అనే మాటను ఇంగ్లీషులో వందసార్లు రాయించాడు. అప్పటికి వకుళ బడికి రాలేదు.

"తప్పులేమైనా ఉన్నాయా పైడీ? పెద్దవాళ్ళకు రాయడం నాకంటే నీకే బాగా తెలుసు" అంది వకుళ.

చెబుదామని పైడితల్లి నోరు తెరిచింది. మొసలి మాట, పంతులు మాట, రాజు మాట ఒక్కసారి చెవుల్లో గింగురుమన్నాయి.

"ఏటీ నేదు. బాగుంది" అంది.

గుహ ముందు ఎండిన చెట్టు మీద ముప్పై చిలకలు కూర్చుని ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో ఇంగ్లీషు వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ అరుస్తోంది. గాలిదొర కుర్చీలో కూర్చుని వకుళ ప్రసంగం విన్నాడు. అతని కళ్ళు మెరిశాయి. "వీ వాంట్" అన్న మాట వినపడగానే ఆ మెరుపు ఆరిపోయింది. అతను చేయి విదిలించాడు. వకుళ ఉన్న చోట ఒక చిన్న చిలక రెక్కలు కొట్టుకుంది.

"వీ వాంట్ అవర్ విండ్! వీ వాంట్ అవర్ విండ్!"

గాలిదొర తన భాషలో, "నువ్వూ చదువుతావా? ఈ చెట్టు నీడ ఆ బండ దాటేలోపు రాయి. లేదా ఇంటికి పో" అన్నాడు.

ఇంటికి పోవచ్చు. ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఇక ఆ రాజ్యంలో ఇంగ్లీషు రాయగలిగింది ఆమె ఒక్కతే. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తనను చూస్తేనే భయం వేసింది.

వకుళ చేతిలోంచి కింద పడిన హంస ఈక తీసుకుని కూర్చుంది. మొదట వకుళ వాక్యాలే చేతికి వచ్చాయి. కొట్టేసింది. గాలిదొరను ఇంద్రుడనీ చంద్రుడనీ పొగిడింది. అదీ కొట్టేసింది. ఇంతలో పై కొమ్మ మీది ముసలి చిలక, "కమ్! సిట్!" అని అరిచింది. ఆనాటి సభలో జరిగింది రాజ్యమంతా విన్నదే కాబట్టి అది దుబాసీ అని పైడితల్లి గుర్తుపట్టింది. దుబాసీ చేసిందీ వకుళ చేసిందీ ఒకటే తప్పు! ఆమె చేయి కదిలింది. నీడ బండ అంచు తాకేసరికి ప్రసంగం పూర్తయింది.

లేచి నిలబడి, ఇంగ్లీషులో చదివింది. దాని అర్థం ఇది:

"గౌరవనీయులైన అయ్యగారికి, ఈ చెట్టు మీది పండితులకు నా వందనం. మా భాషలో మర్యాద మాట చివర తోకలా ఉంటుంది. మీ భాషలోకి దాటేటప్పుడు ఆ తోక తెగి సముద్రంలో పడింది. మా రాజు మిమ్మల్ని కుక్కను పిలిచినట్టు పిలవలేదు. తండ్రిని పిలిచినట్టు పిలిచాడు. నా స్నేహితురాలు మీ మీద పెత్తనం చేయలేదు, వేడుకుంది. ఆమె వాక్యంలోని తప్పు నాకు ముందే తెలుసు. ఆమెను అందరూ మెచ్చుకుంటే నా ఇంట్లో దీపం ఆరినట్టుండేది. అందుకే చెప్పలేదు. మా గాలినీ, మా మనుషులనీ తిరిగి ఇవ్వమని సవినయంగా కోరుతున్నాను."

"ముప్పైమంది నన్ను పొగిడారు. అసలేం జరిగిందో ఒక్కరూ చెప్పలేదు" అన్నాడు గాలిదొర. లేచి తోలుసంచి ముడి విప్పాడు. గాలి హోరుమని కొండ దిగి సముద్రం వైపు ఉరికింది. చిలకలు ఒక్కొక్కటే మనుషులై కిందికి దిగాయి. ఒక్క చిలక మాత్రం కొమ్మ మీదే ఉండిపోయింది.

"ఆమె నా మాట వల్ల చిలక కాలేదు, నీ మౌనం వల్ల అయింది. నాకు నా భాషలో చెప్పావు. ఆమెకు ఆమె భాషలో చెప్పు" అన్నాడు గాలిదొర.

ఇంగ్లీషులో అంత ధైర్యంగా చదివిన పైడితల్లికి తెలుగులో నోరు పెగల్లేదు. పరాయి మాట వెనక దాక్కోవచ్చు, సొంత మాటకు ఆ చాటు ఉండదు. చిలకను అరచేతిలోకి తీసుకుంది.

"వకులా, నీ మీద కుళ్ళిపోయినానే. తప్పుందని తెలుసు. తెలిసే చెప్పనేదు. నువ్వు ఓడిపోతే చూద్దారనుకున్నాను" అని భోరుమంది.

ఈకలు రాలిపోయాయి. ఎదుట వకుళ నిలబడి ఉంది. ఆమె పైడితల్లి చెంప ఛెళ్ళుమనిపించి, వెనక్కి చూడకుండా కొండ దిగిపోయింది.

రెండు రోజులు వకుళ ముందు, పైడితల్లి వెనక నడిచారు. మూడో రోజు మధ్యాహ్నం వకుళ ఆగింది.

"నా ప్రసంగంలో అదొక్కటేనా, ఇంకా తప్పులున్నాయా?"

"ఇంకో రెండున్నాయి."

"చెప్పు" అంది వకుళ, పక్కన చోటు చూపించి.

వాళ్ళు రేవు చేరేసరికి తెరచాపలన్నీ పొట్టలు ఉబ్బించుకుని ఉన్నాయి, వాన చినుకులు పడుతున్నాయి. మహారాజు పైడితల్లికి ఆస్థాన దుబాసీ పదవి ఇవ్వబోయాడు. ఆమె నిండు సభలో జరిగినదంతా చెప్పింది. రాజు వకుళ వైపు చూసి, "తీర్పు నీదే" అన్నాడు.

"రాయడం దానికి, మాట్లాడడం నాకు ఇవ్వండి మహారాజా. ఒకరిది ఒకరు దిద్దుకోకుండా ఏ మాటా సభ దాటదు" అంది వకుళ.

అలాగే జరిగింది. మరుసటి ఏడు పైడితల్లి ఓడ సరంగును పెళ్ళాడింది, ఆ పెళ్ళి వకుళ దగ్గరుండి చేయించింది. ముత్యాలరేవు మాట అంటే ఏడు సముద్రాల అవతల కూడా గౌరవం నిలిచింది. అయితే విదేశీ రాయబారులు వకుళ మాటలకు చప్పట్లు కొట్టిన రోజున పైడితల్లికి ఇప్పటికీ కడుపులో చురుక్కుమంటుంది. అప్పుడామె మంతనాల గదిలోకి వెళ్ళి, వకుళ ఎదురుగా కూర్చుని, "ఇయేళ నీ మీద మండిపోతోందే" అంటుంది.

"ఎంత?" అంటుంది వకుళ.

"శానా."

ఇద్దరూ నవ్వుకుని, మర్నాటి ప్రసంగం ముందేసుకుంటారు.